చల్లారిన నూనె

మాన్సిక్ కోడి వేపుళ్ల కొట్టు కట్టేసేసరికి వెనక సందంతా మంచు పేరుకుపోయింది. వాడిన నూనె పట్టుకెళ్లే డాల్హో బండి ఈ వారం రానేలేదు. డబ్బాలన్నీ నిండిపోయాయి.

డాల్హో ఎప్పుడూ చెప్తూనే ఉంటాడు: "కాలవలో పోశావంటే కొట్టు మూయిస్తారన్నా. నా బండెక్కేదాకా ఆ నూనె నీ నెత్తిమీదే."

"నీ బండి వస్తే కదరా ఎక్కించేది!" అని గొణుక్కుంటూ మాన్సిక్ మురుగుకాలవ మూత ఎత్తి డబ్బా వంచాడు. చలికి చిక్కబడ్డ నూనె బద్ధకంగా జారింది.

కింద చుయ్యిమంది.

డబ్బా తాకి చూశాడు. మంచుగడ్డలా ఉంది. మళ్లీ కాస్త పోశాడు. ఈసారి చుయ్యిమన్న చప్పుడు ఆగలేదు. పచ్చిమాంసం వేగుతున్న చప్పుడది. బతుకంతా విన్నవాడు, పొరబడే వీల్లేదు. కాసేపటికి వాసన కూడా పైకొచ్చింది.

ఆ తర్వాత, కిందనుంచే, టక్ టక్.

ముక్కలు తీసేముందు పట్టుకారును మూకుడు అంచుకి రెండుసార్లు కొట్టడం మాన్సిక్ అలవాటు.

కొట్టులోంచి భార్య ఓక్జా కేకేసింది. "ఏవయ్యా, ఇంత రాత్రి ఎవరికి వేయిస్తున్నావ్? మళ్లీ ఆ టకటకలొకటి!"

"నేను కాదే. పట్టుకారేదీ?"

"నా చేతిలోనే ఉంది. కడుగుతున్నా."

మాన్సిక్ మూత వేయబోయాడు. కింద చప్పుడు సన్నగిల్లుతోంది. మూకుట్లో నూనె చాలకపోతే అలాగే సన్నగిల్లుతుంది.

టక్ టక్.

మాన్సిక్ రెండో డబ్బా అందుకున్నాడు.