మొహం కనపడే దాకా

బీరు కాచే కొట్టు వెనక తలుపు తెరుచుకుంది.

ఏటి వైపున్న ఆ తలుపు బిగుసుకుపోయి ఏళ్లయింది. తాదస్ అయితే కాలితో తన్ని తీసేవాడు. వచ్చిన ముసలాయన మాత్రం గడియ దగ్గర కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా లోపలికొచ్చాడు.

పడవలో వెళ్తున్నానని, కాసిని మంచినీళ్లిమ్మని దగ్గుతూ అడిగాడు.

తాదస్‌కి నవ్వొచ్చింది. బిర్జై చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ బీరు కొట్టు పొగ లేస్తే అక్కడికి దాహమంటూ చేరేవాళ్లు బోలెడుమంది.

అసలే చిరాకులో ఉన్నాడతను. రెండు వారాల్లో వాళ్ల నాన్న ఫెలిక్సస్ సంవత్సరీకం. ఊరంతా వస్తుంది, ఫెలిక్సస్ బీరు తాగాలని వస్తుంది. ఆ రోజు ఆ బీరు పొయ్యలేకపోతే ఆయన పేరు ఆయనతోనే పోయినట్టు.

ఇప్పటికి రెండుసార్లు కాచాడు. రెండుసార్లూ పాకంలా చిక్కగా, తియ్యగా వచ్చింది. మత్తు మాత్రం లేదు.

నాన్న పోతూ కూడా కిటుకు చెప్పలేదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టు మీద వేణ్ణీళ్లు పోసే వేళకి లోపల గడియ వేసుకునేవాడు. కన్నకొడుకైనా సరే, బయటే. తాదస్ చిన్నతనమంతా ఆ తలుపు ముందు వాసన పీలుస్తూనే గడిచింది.

ముసలాయన నీళ్లు తాగి, పొగలు కక్కే గంగాళంలోకి తొంగిచూశాడు.

"ఇంకాస్త ఆగు నాయనా. నీళ్లలో నీ మొహం కనపడలేదింకా."

తాదస్ చేతిలోని గాజు ఉష్ణమాపిని చూపించాడు. కొత్తది. డెబ్భై అయిదు చూపిస్తోంది, సరిగ్గా కావలసినంత.

"మొహం చూసుకుని గడ్డం కూడా గీసుకోమంటావా పెద్దాయనా?"

ముసలాయన నవ్వాడు.

తాదస్ ఓ ముంత బీరు ముందుకు తోసి, వచ్చిన పని కానివ్వమన్నాడు.

"నేను తాగను."

వచ్చినంత మెల్లగా వెళ్లిపోయాడు. తాదస్ ఆయన పేరైనా అడగలేదు, ఆగకుండా నీళ్లు మాల్టు మీద పోసేశాడు.

మూడు రోజులకి ఆ బీరూ పాకమే అయింది. రుచి చూసిన అతని భార్య రామూనె, రొట్టె మీద రాసుకుంటే బాగుంటుందంది. అంతటితో ఆగక, ఉష్ణమాపిని తీసుకెళ్లి సలసల మరిగే టీ నీళ్లలో ముంచింది.

తొంభై రెండు దగ్గర ఆగిపోయింది.

"ఏమయ్యా, మరిగే నీళ్లకి నూరుండొద్దూ? ఇన్నాళ్లూ ఎనిమిది తక్కువ చెబుతోంది నీకు."

మాల్టు ఉడికిపోతే తీపి తీపిగానే ఉండిపోతుంది, మత్తుగా మారదు. తాదస్ నెత్తి కొట్టుకున్నాడు.

మాల్టు ఒక్క బస్తా మిగిలింది.

తెల్లారగట్లే నీళ్లు కాచి, కొట్టు గడియ వేసుకుని గంగాళం పక్కన కూర్చున్నాడు. ఏటి మీద మంచు, లోపల ఆవిరి. ఏది ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. నీళ్లలో తెల్లగా తప్ప ఏమీ కనపడలేదు. కళ్లు మూతలు పడ్డాయి. తెరిచేసరికి ఆవిరి పలచబడుతోంది. నుదురు కనపడింది. తర్వాత కళ్లు. ఓ క్షణం అవి నాన్న కళ్లేమో అనిపించింది. తనవే. అప్పుడు లేచి నీళ్లు పోశాడు.

సంవత్సరీకం నాడు మొదటి గుక్క తాగి, చర్చిలో గంటలు కొట్టే ముసలి తాత కళ్లు తుడుచుకున్నాడు. ఫెలిక్సస్ తిరిగొచ్చాడన్నాడు. తాదస్‌కి గుండె నిండిపోయింది.

మర్నాడు కూజా నిండా బీరు పట్టుకుని ముసలాయన్ని వెతుక్కుంటూ బయల్దేరాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. ఏరు దాటాక చివరి ఇంటి ముందు ఓ పడవ బోర్లించి ఉంటే, అక్కడ అడిగాడు. ఆయన పేరు యెరోనిమస్ అని, పోయి వారమైందని, గుమ్మంలో నల్లబట్టలతో నిలబడ్డ ఆయన భార్య ఎమీలియా చెప్పింది.

"నీ బీరు చెడిపోతోందని ఎవరో చెప్పారు. జ్వరమయ్యా, వద్దంటే వినకుండా పడవెక్కాడు."

తాదస్‌ కూజా అందించాడు. ఆమె తాగలేదు. మొహం దగ్గరగా పెట్టుకుని వాసన పీల్చింది.

"ఇదే. చేపలకని పోయి ఒక్క చేప కూడా లేకుండా వచ్చేవాడు, చొక్కా నిండా ఇదే వాసన. మళ్లీ తాగుతున్నాడేమోనని మొదట్లో నోరు కూడా వాసన చూసేదాన్ని. తాగుడు మానతానని నాకు ఒట్టేశాడు మరి. బీరు కొట్టులో ఎవరి కంటైనా పడితే నా చెవిన పడుతుందని ఆయనకి భయం. మీ నాన్న మంచివాడు, అందుకే ఆ గడియ వేసేవాడు."

కూజా మూత మెల్లగా పెట్టింది.

"ముప్పై ఏళ్లు ఊరంతా మీ నాన్నదని తాగిన బీరు మా ఆయన కాచిందే బాబూ, ఒక్క చుక్క నోట పెట్టకుండా."