కిటికీ పక్క సీటు

“ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదండీ” అంది వడ్డించే ఆమె.

కండక్టరు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బస్సులో ఊరందరికీ సీటు చూపించిన మనిషి, ఇప్పుడు కిటికీ పక్క కుర్చీని ముట్టుకుని దొంగలా నిలబడ్డాడు. బయట ముసురు పట్టి ఉంది. లోపల టూరిస్టులు సగం తిన్న ప్లేట్లు వదిలేసి వచ్చి మరీ ఆ కుర్చీని ఫొటో తీసుకుంటున్నారు.

కుర్చీ ముందు బల్ల మీద ఒక తెల్ల పువ్వు, ఫ్రేము కట్టిన ఒక ఫొటో. అందులో సముద్రంకేసి తిరిగి నిలబడ్డ ఆడమనిషి వీపు, పొడుగాటి జడ తప్ప మొహం కనిపించదు. ఆ కథ తెలియనివాళ్లు లేరు. మొదటి హోటల్ తెరిచిన కొత్తలోనే చెఫ్ గారి భార్య జబ్బు చేసి పోయింది. ఆయన ఆ సంగతి టీవీలో చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. ఇప్పుడు ఊళ్లో ఆయనవి మూడు హోటళ్లు. మూడింట్లోనూ కిటికీ పక్కన ఆవిడ పేర ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది.

“కూర్చోనులే అమ్మా. చూసి పోదామని వచ్చాను” అన్నాడు కండక్టరు. “ఇద్దరికని బల్ల చెప్పుకున్నాం. ఈలోగా మా ఆవిడ పోయింది.”

ఆమె మంచినీళ్ల గ్లాసు అందించింది.

“టీవీలో ఆయన్ని చూసి మా ఆవిడ కూడా ఏడ్చింది. ‘మొగుడంటే అదీ. ఊరందరికీ సీటు చూపించావు, నన్ను ఏనాడైనా కూర్చోమన్నావా?’ అని దెప్పేది. మంచాన పడ్డాక కూడా అదే మాట. నిజమేగా. వండింది తిని బస్సెక్కడం తప్ప నాకేం తెలుసు? ఆ మహానుభావుడి కాలిగోటికి కూడా సరిపోను.”

గ్లాసు బల్ల మీద పెట్టాడు. తప్పయిందని చెప్పుకోవడానికి భార్య లేదు. కనీసం ఆమె చూడాలని ముచ్చటపడ్డ కుర్చీ దగ్గరైనా ఆ మాట అందామని వచ్చాడు.

“ఈ ఫొటోలో ఆవిడ నీకు తెలుసా అమ్మా?”

“మొహం మర్చిపోయానండీ.” ఆమె నవ్వబోయి మానేసింది. కురచ జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. “అప్పట్లో నేనూ చాన్నాళ్లు మంచాన పడ్డాను. లేచి వచ్చేసరికి ఇక్కడ బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. వడ్డించే మనిషి కావాల్సొచ్చింది, చేరిపోయాను.”

కాసేపు ఆయన్నే చూసి, ఆ కుర్చీని తనే ఇవతలికి లాగింది.

“కూర్చోండి.”

“వద్దమ్మా, నీ ఉద్యోగం పోతుంది.”

“పోదులెండి.”

కండక్టరు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె సూప్ తెచ్చి పెట్టింది. ఆయన తల వంచుకుని, ఆ గిన్నెతోనే చెబుతున్నట్టు “తప్పయిపోయిందే” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే వంటింటి తలుపు తెరుచుకుని చెఫ్ వచ్చాడు. ప్రతి బల్ల దగ్గరా ఆగి నవ్వుతూ పలకరించి, కిటికీ దాకా వచ్చి, ఆ నవ్వు చెదరకుండానే గొంతు తగ్గించి ఆమెతో అన్నాడు.

“దీని జోలికి పోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? టీవీవాళ్లొస్తున్నారు. వాళ్లు వెళ్లేదాకా స్టోర్ రూమ్‌లోంచి బయటికి రాకు.”

ఆయన అటు వెళ్లగానే కండక్టరు గబుక్కున లేచాడు.

“నావల్ల మాట పడ్డావు. ఆయన్ని మాత్రం ఏమంటాం? పోయిన భార్య కుర్చీని కూడా ఎవర్నీ తాకనివ్వడు. మా ఆవిడ ఊరికే అనలేదు.”

“ఆయన్ని చూసి మీరు సిగ్గుపడకండి” అందామె.

“సిగ్గొక్కటే కాదమ్మా, భయంగా కూడా ఉంది. ఆవిడ సీట్లో కూర్చున్నాను. పైనుంచి చూసి ఏమనుకుంటోందో.”

ఆమె ఫ్రేమును బల్ల మీద బోర్లా పెట్టింది.

“ఆ ఫొటోలో ఉన్నది నేనేనండీ.”