అనుమతి లేని కాగితం

సదానందం గోడ మీది కాగితానికి ఇంకో టేపు ముక్క అంటిస్తుండగా వెనకాల బలదియా బండి వచ్చి ఆగింది. అందులోంచి మునిసిపాలిటీ అధికారి దిగాడు. కాగితంలో ఐదారు రోజులుగా కనబడని అన్న బుచ్చన్న ఫొటో, దాని కింద తన నంబరు ఉన్నాయి.

"ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు అధికారి హిందీలో.

"గోడ ఈ ఖర్జూరాల కొట్టాయనది సార్. అడిగే పెట్టిన."

"సొంత గోడైనా బలదియా అనుమతి ఉండాలి. జరిమానా పడుతుంది. ఇకామా తియ్యి."

జరిమానాతో వదులుతారా, పనిచ్చిన కఫీల్‌కు చెప్పి ఇంటికి పంపించేస్తారా? తానూ వెళ్లిపోతే సౌదీలోని ఈ హుఫూఫ్‌లో అన్నను వెతికేదెవరు? నివాస అనుమతి కార్డు అందించాడు.

అధికారి కార్డు చూడలేదు. ఫొటోలోని ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఇతని ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉందా?"

"ఉంది సార్! చూసిండ్రా?"

ఆయన కార్డు తిరిగి సదానందం జేబులో పెట్టాడు. ముఖం చిరగకుండా మెల్లగా కాగితం ఊడదీయసాగాడు.

"ఐదు రోజుల క్రితం కారు గుద్దిన మనిషిని మా బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. దారిలోనే ప్రాణం పోయింది. పేరు చెప్పేవాళ్లు లేక అక్కడే ఉంచారు. పద, నేనూ వస్తాను."

సదానందం ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. హిందీ మరిచి తెలుగులోనే బతిమాలాడు.

"జుర్మానా రాయి సారూ. ఎంతన్న రాయి. కాయితం మాత్రం తియ్యకు."