శనివారం చెప్పే పేరు

“నాగజ్యోతీ, నీ ముఖాల పాఠం చూడ్డానికి రేపు మండలం నుంచి వస్తున్నారంట!”

హెడ్మిస్ట్రెస్ విజయ ఆ మాట చెప్పగానే నాగజ్యోతికి కాళ్లు నేల మీద నిలవలేదు. పెళ్లయి రెండు నెలలు కాలేదు. చేతినిండా గాజులు గలగలమంటుండగా ఫోను తీసుకుని ఆఫీసు గదిలోకి పరుగెత్తింది.

“బావా! మన ముఖాలకు మంచి రోజులొచ్చినాయి!”

“మన ముఖాలకా, గోడ మీది ముఖాలకా?” అవతల ఫణికృష్ణ నవ్వాడు.

ఆ ముఖాలన్నీ అతను తీసిన ఫోటోలే. వారానికొకటి పెద్దగా అచ్చేయించి ఇస్తాడు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆ ముఖాన్ని చూసి, కనిపించింది చెప్పాలి. తర్వాత ఆ మనిషెవరో ఊహించాలి. అసలు సంగతి శనివారం దాకా నాగజ్యోతికి కూడా చెప్పడు. అది మొగుడూ పెళ్లాల పందెం.

ఈ వారం ఒక ముసలాయన. కంటి దగ్గర్నుంచి గడ్డం దాకా ఎడమ బుగ్గ మీద పొడుగాటి గాటు.

“దొంగ, మేడం! పిల్లల్ని ఎత్తకపోతాడు!” అన్నాడు సోమవారం పటం చూడగానే ఒక పిల్లాడు.

తరగతంతా పకపకా నవ్వింది. పిల్లలు చెప్పిన వాక్యం దేన్నీ కొట్టేయకూడదన్నది ఆమె పద్ధతి. తనూ నవ్వుతూ బోర్డు మీద రాసింది. అంతే, ఆయన ‘దొంగ తాత’ అయిపోయాడు.

“చెప్పు బావా, ఎవరాయన? నీకు పుణ్యముంటుంది.”

“రేపు చెప్తాగా. ఒక్క రోజు ఆగలేవేందే?”

బయట పిల్లల కేరింతలు. అన్నాల వేళ గోల అనుకుని తలుపు దగ్గరికేసింది.

“సరే, రేపు ఏ చీర కట్టుకోను?”

ఇక్కడ చీర సంగతి తేలలేదు. అక్కడ గేటు దగ్గర ఒక ముసలాయన సంచిలోంచి బొరుగుల ఉండలు తీసి పిల్లల చేతుల్లో పెడుతున్నాడు.

“దొంగ తాతొచ్చినాడోయ్!”

పటంలో మనిషి నడిచొచ్చాడని పిల్లలకు సంబరం.

దారిన పోతున్న లింగయ్య బండి ఆపాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని పొద్దున్నే అతని ఫోనుకు వీడియో వచ్చింది.

“ఎవడే దొంగ?”

“ఈ తాతే నాయనా! బుగ్గ మీద గాటుంది. కనుబొమ తెగింది. పిల్లల్ని ఎత్తకపోతాడు!” పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది లింగయ్య కూతురు.

“ఏం కలిపినావురా ఉండల్లో?”

“బెల్లం నాయనా... రమ్మంటే వచ్చినా...”

మాట పూర్తి కాకముందే మూతి పగిలింది.

గోల విని చేరిన జనం పడ్డవాణ్ణి లేవనీయలేదు. ఒకడు కడుపులో తన్నాడు. ఒకడు వేపకట్టెతో మోకాళ్లు విరిచాడు. గోడ మీది పలకరాయి ముక్కను ఎవడో లాగి నెత్తిన వేశాడు. మట్టిలో పడ్డ బొరుగులు ఎర్రగా తడిశాయి.

పిల్లల ఏడుపు విని నాగజ్యోతి పరుగెత్తుకొచ్చింది. జనాన్ని తోసుకుపోతుంటే చేతి గాజులు సగం పగిలాయి.

“కొట్టొద్దు! ఆయన మా పటంలో తాత!”

“దొంగ అని బోర్డు మీద రాసింది మీరే గదా మేడం?” లింగయ్య రొప్పుతూ అన్నాడు. “మా పాప వారం నుంచి ఇంట్లో అదే చదువుతాంది.”

నాగజ్యోతి అంబులెన్సుకు ఫోను చేసింది.

అంబులెన్సు మార్కాపురం చేరేలోపే ముసలాయన ఊపిరి పోయింది.

ఫణికృష్ణ ఆసుపత్రికి వచ్చి ముఖం మీది గుడ్డ తొలగించాడు. ఆ పాత గాటును వేలితో మెల్లగా తడిమి, అక్కడే కూలబడ్డాడు.

“రేపు రా గురుస్వామి తాతా అంటే, ఈరోజే వచ్చినావేంది... అర్ధవీడు నుంచి అన్ని బస్సులు మారి...”

“ఎవరు బావా ఈయన?”

ఈసారి ఆ గొంతులో పందెం లేదు.

అతను తలెత్తాడు.

“రేపు ఆ పటం తీయొద్దు జ్యోతీ. మండలమోళ్లు రానీ, ఊరంతా రానీ, పాఠం నేనే చెప్తా. చిన్నప్పుడు మా స్కూలు బస్సు వాగులో పడితే, గొర్రెలొదిలేసి దూకి, పగిలిన అద్దంలో తల దూర్చి నన్ను బయటికి లాగినప్పుడు చీరుకుపోయిన బుగ్గ అది.”