చిలకలపూడి గాలిలో బంగారం

“ఆ ఫ్యాను అటు తిప్పుకో బాబ్జీ. మీ అత్తయ్యకి ఊపిరాడటం లేదు,” అన్నాడు శోభనాద్రి, వీధిలో నిలబడి.

“ఎటు తిప్పినా ఎవరో ఒకరి ఇల్లేగా మావయ్యా. ఇది చిలకలపూడి. దుమ్ము రేగకుండా రోల్డ్‌గోల్డ్ గాజుకి పాలిష్ వస్తుందా?” ఎదురింటి బాబ్జీ నవ్వేశాడు.

అతని పాలిష్ షాపు ఫ్యాను ఆ దుమ్మంతా తెచ్చి శోభనాద్రి ఇంట్లోకే కొడుతోంది. లోపల భార్య కోటమ్మ ఒకటే దగ్గు. చెప్పీ చెప్పీ ఈయనకి నోరు నొప్పెట్టింది గానీ, వినేవాడేడీ? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అప్పుడే కాలుష్యం ఆఫీసు ఝాన్సీ వచ్చింది. ముందురోజు శోభనాద్రి డాబా మీద గాలి పరీక్ష మిషన్ పెట్టి వెళ్ళింది ఆవిడే. అది గాలి పీల్చి, అందులోని సన్నదుమ్ముని ఓ తెల్లకాగితం మీద పట్టి ఉంచుతుంది. ఇప్పుడా కాగితం తీసుకెళ్ళాలి. వింత చూడ్డానికి వీధిలో సగంమంది ఆవిడ వెనకే డాబా ఎక్కారు.

“నోటీసులిస్తారా మేడంగారూ?” అన్నాడు బాబ్జీ వెటకారంగా.

“ముందు రిపోర్టు రావాలండీ. తర్వాత పైవాళ్ళు చూస్తారు.”

“అంటే నాకు మనవలు పుట్టాకన్నమాట.”

అందరూ గొల్లుమన్నారు. ఝాన్సీ కాగితం బయటికి తీసింది. నల్లటి మసి మధ్య ఏదో తళుక్కుమంది. అందరూ ముందుకి వంగారు.

“ఇత్తడేలే,” అన్నాడు బాబ్జీ. అన్నాడే గానీ కాలు నిలవలేదు. కిందికి పరుగెత్తి యాసిడ్ సీసా పట్టుకొచ్చాడు. ఇత్తడైతే అందులో కరిగిపోతుంది, బంగారమైతే కరగదు.

“ముట్టుకోకండి, దాన్ని తూకం వేయాలి,” అని ఝాన్సీ అంటూనే ఉంది, చుక్క పడిపోయింది. మెరుపు మాత్రం కరగలేదు.

“బంగారమే,” అంటూ బాబ్జీ సీసా పక్కన పెట్టేశాడు. “ఇన్నాళ్ళూ కరెంటు బిల్లు కట్టి మరీ మావయ్య ఇంట్లోకి బంగారం ఊదుతున్నానా!”

సాయంత్రానికి అతని ఫ్యాను ఊడింది. ఆ కంతకి గుడ్డసంచి బిగిసింది. పాలిష్ షాపులన్నీ కిటికీలకి తడిగుడ్డలు కట్టేశాయి. ఒక్క రేణువు బయటికి పోతే ఒట్టు.

“శాంపిల్ పాడైంది, గాలి బాగుపడింది. ఆఫీసులో ఏం చెప్పుకోను?” అని నవ్వుకుంటూ ఝాన్సీ బస్సెక్కింది.

కోటమ్మ కిటికీ బార్లా తెరిచి హాయిగా గాలి పీల్చుకుంది. చాన్నాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. పాండురంగడి గుడికి వెళ్దామని ముస్తాబవుతూ గూడంతా వెతికింది.

“ఏమండీ, నా బంగారు దిద్దు ఒకటి కనపడటం లేదు.”

“వెతక్కు కోటమ్మా,” అన్నాడు శోభనాద్రి. “నిన్న దాన్ని ఆకురాయితో అరగదీసి, ఆ మిషన్ చేత పీల్పించింది నేనే.”