కోటు కింద బిందె

1993 మే నెల, కత్తిరి ఎండలు. మద్రాసు చింతాద్రిపేటకు నీళ్ళ లారీ వచ్చి మూడు రోజులైంది. చీకటిపడి, కరెంటు పోయాక కూడా గోడలు సెగలు కక్కుతున్నాయి. రఫూ పని చేసే దామోదరం ఆ రోజే వచ్చిన ఉన్నికోటును దండేనికి తగిలించి, కొవ్వొత్తి వెలుగులో చిరుగు వెతుకుతున్నాడు. ఐర్లాండులో పోయిన ఎవరో పెద్దాయనదట. "ఆడ ఎండాకాలమనేదే తెలీదు. ఏడాది పొడుగునా సన్న తుంపరే," అని చెప్పి ఇచ్చిపోయాడు తెచ్చిన మనిషి.

టప్.

కోటు అంచు నుంచి నీటిచుక్క జారింది. దామోదరం పిండి చూశాడు. బట్ట పొడిగానే ఉంది. మళ్ళీ టప్.

భార్య కనకవల్లి పరుగున వచ్చి ఖాళీ బిందె కింద పెట్టింది. "ఎందుకు, ఏమిటని అడగబాకయ్యా. దేవుడిచ్చిన నీళ్ళు!"

గంటలో బిందె నిండింది. అతడు వద్దనేలోపే ఆమె గ్లాసు ముంచుకుని గటగటా తాగేసింది.

"అబ్బ, ఎంత చల్లగా ఉండాయో!"

ఆ మాటతో పాటే, అంత ఉక్కలో, ఆమె నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది. కోటు నుంచి చుక్కలు ఆగిపోయాయి.

తర్వాత, ఆమె కొంగు చివర నుంచి, టప్.