పొగగొట్టం కింద ప్లాస్టిక్ పట్టా

లీమా నగరంలో కోళ్లు కాల్చి అమ్మే ఆ హోటల్, యులోహియా సొంతంగా మొదలుపెట్టిన పొగగొట్టాలు కడిగే వ్యాపారానికి మొదటి బేరం. హోటల్ మూశాక ఆడపడుచు నెలిదాతో కలిసి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి ఆర్పి, ఫ్యాను వైరు పీకేసి, జిడ్డునీళ్లు చిందకుండా గొట్టం మూతి చుట్టూ ప్లాస్టిక్ పట్టా కట్టారు.

పట్టా మెల్లగా లోపలికి గుంజుకుపోయింది. తర్వాత బయటికి ఉబ్బింది.

"కిటికీ ఏమన్నా తెరిచావా?" అంది యులోహియా.

"అన్నీ మూసే ఉన్నాయి వదినా."

పట్టా మళ్లీ లోపలికి పోయింది. మధ్యలో తట్టుకున్నట్టు ఆగి, సన్నగా ఈలవేసి, ఉబ్బింది. నెలిదా చేతిలోంచి బ్రష్ జారిపడింది.

"వెళ్లిపోదాం వదినా. ఈ బేరం పోతే పోయింది."

యులోహియా కదల్లేదు. ఇలాంటి గొట్టాలే కడిగి కడిగి ఊపిరితిత్తులు పాడై చనిపోయిన భర్త ఫిదెన్సియో, చివరి ఏడాదంతా అలాగే ఊపిరి తీశాడు. ఆమె పక్కనే పడుకుని తెల్లవార్లూ వినేది.

దగ్గరికి వెళ్లి, ఉబ్బిన పట్టా మీద అరచెయ్యి ఆనించింది. ఈల ఆగింది. ఊపిరి నిదానించింది.

"వదినా!"

"అరవకే," అంది యులోహియా గుసగుసగా. "మీ అన్నకి ఇప్పుడే నిద్రపట్టింది."